డాక్టర్ బాబు ఇల్లు, వంటలక్క లెక్క

పోయిన నెల నంద్యాల చెక్‌పోస్ట్ దాటినాక మా పెద్దమ్మ వాళ్లు కట్టుకున్న కొత్తింటికి గృహప్రవేశం అంటే పోయినాం. పాలు పొంగించడం, వ్రతం అన్నీ అయిపోయి అందరం చాపల మీద కూర్చుని ఉగ్గాణి బజ్జి తింటా ఉంటే మా చెల్లి, అంటే పెద్దమ్మ కూతురు, హాలంతా ఒకసారి చుట్టూ చూసి "ఎంత పెట్టి కట్టినా డాక్టర్ బాబు ఇంటి ముందర ఇదేం హాలు అక్కా, అయినా నిజంగా మన కర్నూలులో ఏ డాక్టరుకైనా అంత ఇల్లు ఉందా, నువ్వు వాళ్ల దగ్గర పనిచేసినావు కదా చెప్పు" అనింది. అక్కడున్న ఆడోళ్లకి కార్తీక దీపం సీరియల్లో డాక్టర్ బాబు అంటే ఎవరో చెప్పాల్సిన పని లేదు. సగం మంది ఉందంటారు, సగం మంది లేదంటారు, ఒకామె ఆ ఇంట్లో మెట్ల గురించి, ఇంకొకామె డాక్టర్ బాబు వాళ్లమ్మ సౌందర్య కట్టే చీరల గురించి, మాటలు ఎక్కడెక్కడికో పోయినాయి. నేను చెప్పబోయేలోగా భోజనాలకి పిలిచినారు, అక్కడితో ఆగిపోయింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అమ్మ పాత లెక్కల పుస్తకాలు కూడా అటక మీద నుంచి దించి చూసినా, అందుకే ఇంత రాస్తున్నా.

ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటా. 2014 నుంచి ఏడేళ్లు కర్నూలులో ఒక గుండె డాక్టర్ గారి నర్సింగ్ హోమ్‌లో బిల్లింగ్, అకౌంట్స్ చూసినా. దానికి ముందు నుంచే మా అమ్మ పెద్దాసుపత్రి వెనక ఒక రేకుల షెడ్డు బాడిగకి తీసుకుని రోగులతో వచ్చినోళ్లకి క్యారియర్లు కట్టేది. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాద్‌కి పోయిన 1956లోనే మెడికల్ కాలేజీ వచ్చింది, అప్పటి నుంచి ఇటు గద్వాల, అటు రాయచూరు, బళ్లారి నుంచి కూడా జనం జబ్బంటే ఇక్కడికే వస్తారు. రోగి లోపల మంచం మీద ఉంటే వచ్చినోళ్లు బయట చెట్టు కింద ఉంటారు, వాళ్లు ఏదో ఒకటి తినాల కదా. అమ్మ బతుకు వాళ్ల మీదే నడిచింది, నా డిగ్రీ కూడా. అంటే మా ఇంట్లో ఒకరం డాక్టర్ బాబు వైపు, ఒకరం వంటలక్క వైపు, రెండు వైపుల లెక్కలూ మా ఇంట్లోనే ఉన్నాయి.

చూడనోళ్ల కోసం రెండు ముక్కలు. కార్తీక దీపం స్టార్ మాలో 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా రాత్రి ఏడున్నరకి వచ్చింది, మలయాళంలో వచ్చిన కరుత్తముత్తు సీరియల్‌ని మన భాషలో తీసినారు, పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. కార్తీక్, అంటే డాక్టర్ బాబు, పెద్దింటి బిడ్డ, గుండె డాక్టరు, వాళ్లమ్మ సౌందర్య ఆ ఇంటికి పెద్ద దిక్కు. దీప, అంటే వంటలక్క, రంగు తక్కువని చిన్నప్పటి నుంచి మాటలు పడిన పిల్ల, ఆమెని ఇష్టపడి పెళ్లి చేసుకున్న ఆ మనిషే అనుమానంతో ఆమెని దూరం చేస్తాడు. ఆమె బస్తీలో ఉంటా వంటలు చేసి శౌర్యని పెంచుతుంది, కవలల్లో రెండో బిడ్డ హిమ ఆ పెద్దింట్లోనే తండ్రి దగ్గర పెరుగుతుంది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలు, ఒకరికి ఏసీ కారు, ఒకరికి ఆటో. కాబట్టి ఈ కథలో డబ్బు పక్కన పడేసే విషయం కాదు, కథే దాని మీద నిలబడింది. అందుకే ఆ డబ్బు నిజంగా ఉన్నట్టు ఉందా లేదా అని అడగడం తప్పేం కాదు.

మొదట వయసు చూద్దాం. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తర్వాత ఎండీ మూడేళ్లు. గుండె డాక్టరు అనిపించుకోవాలంటే దాని మీద డీఎం కార్డియాలజీ ఇంకో మూడేళ్లు. ఒక్క ఏడాది కూడా పోకుండా, ప్రతి ఎంట్రన్సూ మొదటి దెబ్బకే కొట్టినా పదకొండున్నరేళ్లు, అంటే ముప్పై దగ్గరికి వచ్చినాక బోర్డు మీద పేరు పడుతుంది. పేరు పడిన రోజు నుంచి డబ్బు రాదు. మా సార్ (పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు) వేరేవాళ్ల ఆసుపత్రుల్లో తొమ్మిదేళ్లు జీతానికి చేసి నలభై దాటినాక సొంతంగా పెట్టినారు. సీరియల్లో డాక్టర్ బాబు పెళ్లినాటికే పేరున్న డాక్టరు, పిల్లలు బడికి పోయే వయసొచ్చినా ఇంకా కుర్రోడే. గుండె డాక్టర్ అన్నాక ఆపరేషన్లన్నీ ఆయనే చేసినట్టు చూపించడం కూడా మన సీరియళ్లలో, సినిమాల్లో అలవాటు. కానీ స్టెంట్ (మూసుకుపోయిన గుండె రక్తనాళంలో పెట్టే చిన్న గొట్టం) వేసేది ఒకరు, ఛాతీ తెరిచి బైపాస్ చేసేది ఇంకొకరు, ఆ చదువే వేరు.

ఇప్పుడు డబ్బు. నేను చేరినప్పుడు మా దగ్గర ఓపీ ఫీజు 300, పదిహేను రోజుల్లోపల మళ్లీ వస్తే ఫీజు లేదు. రోజుకి యాభై మంది వస్తే అందులో సగం మంది ఫీజు లేని వాళ్లే, అంటే చేతికి వచ్చేది ఏడున్నర వేలు. బయట నుంచి చూసేవాళ్లకి క్యూ కనిపిస్తుంది, యాభైని 300తో గుణించుకుని పోతారు. అసలు సంపాదన స్టెంట్లు వేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబ్‌లో ఉంటుంది, కానీ ఆ మిషను కోట్ల మాట, దానికి బ్యాంకు లోను, నెల మొదటి వారంలో కట్టాల్సిన కిస్తీ. ఆ కిస్తీ ఎంతో నేను రాయను గానీ ఆ చెక్కు టైప్ చేసేటప్పుడు సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకునేదాన్ని. దాని తర్వాత నర్సులు, టెక్నీషియన్లు, ఆయాలు, వాచ్‌మన్లు కలిపి ముప్పై రెండు మంది జీతాలు, కరెంటు, జనరేటర్ డీజిలు, ఆక్సిజన్. ఇన్సూరెన్స్ బిల్లులు రావాల్సినప్పుడు రావు. ఒక ఏడాది దసరా ముందర జీతాలకి తక్కువ పడి సార్ వాళ్లావిడ గాజులు పెట్టి తెచ్చిన సంగతి నాకు, ఆ ఇంటివాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. బయట అప్పటికీ "ఆయనకేం, కోట్లు" అనే మాటే.

2017 ఫిబ్రవరి నాకు బాగా గుర్తు. స్టెంట్ల ధరకి కేంద్రం సీలింగ్ పెట్టింది, మందు పూత ఉన్నదైతే 29,600, మామూలుదైతే 7,260, పన్నులు కాకుండా. అంతకు ముందు ఒక్క స్టెంటుకే లక్ష దాటి బిల్లు పడేది. ఆ వారం కౌంటర్ దగ్గరికి ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంచె కొంగులో నోట్లు మూటగట్టుకుని వచ్చినాడు, బిల్లు చూసి తప్పు వేసినావేమో చూడమ్మా అన్నాడు, తక్కువైనందుకు భయపడినాడు పాపం. నేను పేపర్ తీసి చూపించి చదివితే మిగిలిన నోట్లు పట్టుకుని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయినాడు. ఆ ధర తగ్గడం ఎంత మంచి పనో కౌంటర్లో కూర్చున్న నాకు తెలుసు. దాంతో ఆసుపత్రి లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చిందీ నిజమే. అదే ఏడాది అక్టోబర్‌లో డాక్టర్ బాబు టీవీలోకి వచ్చినాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా స్టెంటు ధర మాట, కిస్తీ మాట నేను వినలేదు.

అయితే మా చెల్లికి ఒక న్యాయం చేయాల. ఆ ఇల్లు డాక్టర్ బాబు కట్టింది కాదు, తల్లిదండ్రులది. అట్లయితే నమ్మొచ్చు. మా వైపు కూడా పెద్ద పెద్ద ఇళ్లున్న డాక్టర్లు ఉన్నారు, ఎక్కువమందికి ఆ ఇల్లు వెనక తండ్రి పొలమో, మామగారి కాటన్ మిల్లో, రోడ్డు పడక ముందు కొన్న ఎకరమో ఉంటుంది. ఇల్లు డాక్టరీ డబ్బుతో లేవాలంటే జుట్టు నెరుస్తుంది. కాబట్టి ఆస్తి ఎంత అనే దగ్గర సీరియల్ అబద్ధం చెప్పలేదు అంటాను. అబద్ధం ఎక్కడుందంటే ఆ ఇంట్లో మనుషులు బతికే తీరులో.

ఒకసారి బ్యాంకు ఆడిట్ ఉందని సార్ సంతకాలు కావాల్సి వచ్చి రాత్రి పదిన్నరకి ఫైళ్లు పట్టుకుని ఆయన ఇంటికి పోయినా. ఇల్లు పెద్దదే, మా చెల్లి చూసింటే ఇదే డాక్టర్ బాబు ఇల్లు అనేది. పాలరాయి హాలు, పైకి పోయే మెట్లు, పెద్ద దీపాల గుత్తి, అన్నీ ఉన్నాయి. కానీ హాల్లో లైటు లేదు. సోఫాల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి, దుమ్ము పడుతుందని. అత్తగారు, మామగారు వెనక గదిలో పడుకున్నారు. పిల్లలు హైదరాబాద్‌లో హాస్టల్లో. సార్ వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలోనే మజ్జిగ కలుపుకుని అన్నం తింటా ఉన్నారు, ఇంకో చెవికి ఫోను, అవతల డ్యూటీ డాక్టర్ ఈసీజీ చదివి వినిపిస్తున్నాడు. ఎడం చేత్తో ఫోను పట్టుకుని కుడి చేయి కడుక్కోకుండానే నన్ను కూర్చోమని కళ్లతో చెప్పినారు. కూర్చుందామంటే ఏ కుర్చీ మీద చూసినా రిపోర్టులు, ఫిల్ములు. సంతకాలు పెట్టేలోగా మళ్లీ ఫోను, నేను గేటు దాటేలోగా నా వెనకే ఆయన కారు. ఆ హాల్లో ఆయన పగటిపూట కూర్చున్నది ఎప్పుడని వాళ్లావిడని అడిగితే సంక్రాంతికి అన్నారు, ఏ సంవత్సరం సంక్రాంతో ఆమెకే గుర్తు రాలేదు.

సీరియల్లో పొద్దున పదింటికి ఇంటిల్లిపాదీ హాల్లో ఉంటారు. డాక్టరు కూడా ఉంటాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటా, ఎవరో ఏదో అంటే మెట్ల మీద నుంచి ఇంకొకరు వింటా. పది అంటే ఓపీ నిండిపోయే టైము! ఆ ఇంటి మీద నాకుండే మొదటి అభ్యంతరం ఇదే, డబ్బు గురించి కాదు. టైము. నిజంగా డబ్బున్న డాక్టరు దగ్గర అస్సలు లేనిది అదే, సీరియల్లో ఆయన దగ్గర బస్తాలకొద్దీ ఉన్నదీ అదే.

ఆస్తి పోయే తీరు కూడా అంతే. తర్వాత తర్వాత కథలో డాక్టర్ బాబు అన్నీ వదిలేసుకుని భార్యాపిల్లలతో ఊరొదిలిపోయి ఒక హోటల్లో పనికి కూడా చేరతాడు. ఆ భాగం చూసి మా వీధిలో శానామంది ఏడ్చినారు, నాకూ బాధేసింది. కానీ డబ్బు అట్లా ఒక్క రోజులో తలుపు తీసుకుని పోదు. మొదట గాజులు బ్యాంకు లాకర్లోంచి బయటికొస్తాయి. తర్వాత ఊరి బయట ప్లాటు బేరానికి పెడతారు, తొందర ఉందని తెలిస్తే ధర తగ్గిస్తారని బ్రోకరుకి కూడా తొందర లేనట్టు చెప్తారు. తర్వాత బామ్మర్ది దగ్గర చేబదులు. తర్వాత పండక్కి చుట్టాల ఇంటికి పోవడం మానేస్తారు. ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లే మనిషిని తినేస్తాయి, అది చూపించే ఓపిక ఉంటే ఎంత గొప్ప కథ అయ్యేదో అనిపిస్తుంది నాకు.

ఇంక వంటలక్క. దీని గురించి రాయడానికే అసలు కూర్చున్నా.

మా అమ్మ ఏడున్నరకి ఏ పనీ ఆపేది కాదు. టీవీ ముందర కత్తిపీట, రేపటికి కావాల్సిన ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, అట్లా కోస్తానే చూసేది. దీప అంటే ప్రాణం. ఒంటరిగా బిడ్డని పెట్టుకుని వంట చేసి బతికే ఆడదాన్ని టీవీలో నాయికగా అమ్మ అంతకు ముందు చూడలేదు. ఒకరోజు, దీప పొయ్యి దగ్గర నిలబడి ఉంటే దగ్గరగా చేతులు చూపించినారు. అమ్మ కత్తిపీట మీద నుంచి లేచి టీవీ దగ్గరికి పోయి చూసింది. "ఆ పిల్ల చేతులు చూడు పాపా, ఒక్క మచ్చ లేదు" అనింది. కోపంగా అనలేదు. ఆశ్చర్యంగా కూడా కాదు. బాధగా అనింది. అమ్మ ఎడం చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా నూనె చిట్లిన మచ్చలు, లెక్కపెడితే పద్నాలుగో పదిహేనో, కుక్కర్ అంచు తగిలిన గీత ఒకటి కింద, చూపుడు వేలి పక్కన కత్తిపీట రాసుకుని రాసుకుని గట్టిపడిన చర్మం. దీప వేషం వేసిన ఆమె అసలు రంగు వేరు, రోజూ మొహానికి చేతులకి నలుపు మేకప్ వేసి తీసినారని అందరికీ తెలిసిందే. రంగు కోసం అంత టైము పెట్టినోళ్లు అదే బ్రష్షుతో చేతి మీద ఒక మచ్చ పెట్టింటే చాలు, మా అమ్మ లాంటోళ్లు ఎన్ని వేల మంది ఇది నేనే అనుకునేవాళ్లో.

మచ్చ సంగతి అట్లుంచి, లెక్క చూద్దాం. 2018లో ఒక మామూలు రోజు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్తా. నలభై క్యారియర్లు, ఒక్కోటి అరవై రూపాయలు, అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. అంటే 2,400. బియ్యం సోనామసూరి, 300 అయింది. కందిపప్పు 120. కూరగాయలు 200, నూనె 90, పాలు 200 (పెరుగు తోడేసేది తనే, బయట కొనదు). పెద్ద సిలిండరు 1,400, ఎనిమిది రోజులు వస్తుంది కాబట్టి రోజుకి 175. షెడ్డు బాడిగ రోజుకి 150 పడుతుంది. గిన్నెలు తోమి కూరలు తరిగే ఆమెకి 250, క్యారియర్లు వార్డుల దాకా మోసే పిల్లోడికి 150. ఉప్పు, కారం, కవర్లు, క్యాన్ నీళ్లు కలిపి ఒక వంద. మొత్తం 1,735 ఖర్చు. మిగిలింది 665. పొద్దున మూడున్నరకి లేచి మధ్యాహ్నం మూడు దాకా నిలబడితే 665, మళ్లీ సాయంత్రం రేపటి సామాన్లు.

అదైనా చేతికి వస్తుందా. రాయచూరు వైపు వాళ్లు జొన్నరొట్టె అడుగుతారు, రొట్టె తట్టడానికి వేరే మనిషి లేదు, అమ్మే తట్టాల, రెండు రొట్టెలకి పది రూపాయలు. కొంతమంది వారం లెక్కకి తీసుకుంటారు, డిశ్చార్జ్ అయ్యే రోజు హడావుడిలో కట్టకుండా పోతారు. రోగి చనిపోయిన వాళ్ల దగ్గర అమ్మ అడిగేది కాదు. పుస్తకంలో అట్లాంటి పేర్ల మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఉంటుంది, డబ్బులు వచ్చినవాటికి టిక్కు, రానివాటికి ఏమీ ఉండదు, గీత కొట్టినవి మాత్రం చనిపోయినోళ్ల ఇంటివి. ఒక్క నెలలో నేను ఆరు గీతలు లెక్కపెట్టినా.

పైగా డైలీ ఫైనాన్సు. నా రెండో ఏడాది కాలేజీ ఫీజుకి అమ్మ ఇరవై వేలు తీసుకుంది, చేతికి ఇచ్చేది పదిహేడు వేలే, మూడు వేలు ముందే కోసుకుంటారు, రోజుకి 200 లెక్కన వంద రోజులు కట్టాల. సాయంత్రం నాలుగింటికి బండి మీద మనిషి వస్తాడు, చిన్న కార్డు మీద సంతకం పెట్టి తీసుకుపోతాడు. ఆదివారం కూడా వస్తాడు. ఆ కార్డు మా టీవీ మీద ఉండేది, పైన వెంకటేశ్వరస్వామి పటం, కింద ఫైనాన్సు కార్డు.

దీపకి ఇవేవీ లేవు. శౌర్య, హిమ ఒకే బడిలో చదువుకుంటా స్నేహం అవుతారు, కథకి అది కావాల, నాకర్థమైంది. కానీ కోటీశ్వరుల మనవరాలు చదివే బడికి వంట చేసే తల్లి ఫీజు కట్టాలంటే ఆమె దగ్గర కనీసం ఒక కార్డు ఉండాల, ఎవరికో బాకీ ఉండాల, ఒక టర్మ్ ఫీజు కట్టక పిల్లని బయట నిలబెట్టిన రోజు ఉండాల. నన్ను నిలబెట్టినారు, ఆ బడి పేరు రాయను, తొమ్మిదో తరగతిలో, పరీక్ష హాలు బయట వరండాలో ఇంకో నలుగురితో. అమ్మ వచ్చి ఎవరితోనో మాట్లాడినాక లోపలికి పంపినారు. ఆ రోజు అమ్మ చీరకి పప్పు మరక ఉన్నింది, అది చూసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది. ఇట్లాంటిది ఒక్కటి, పదిహేను వందల ఎపిసోడ్లలో ఒక్క ఎపిసోడు చాలు.

2019 డిసెంబర్ ఇంకోటి. ఉల్లిగడ్డ కిలో వంద దాటిపోయింది. మన కర్నూలు మార్కెట్టే ఉల్లికి పెద్దది, లారీలకొద్దీ వచ్చే ఊర్లో ఉల్లి కొనలేక రైతు బజార్లో 25 రూపాయల ఉల్లి కోసం జనం తెల్లవారక ముందు నుంచి లైన్లో నిలబడినారు. మనిషికి కొంచెమే ఇచ్చేది కాబట్టి అమ్మ ఒక లైన్లో, నేను ఒక లైన్లో, క్యారియర్ మోసే పిల్లోడు ఇంకో లైన్లో. ఆ నెల్లో కూర రేటు పెంచుదామా అని నేనంటే ఆసుపత్రి కాడికి వచ్చినోళ్ల దగ్గర పెంచకూడదు అనింది. ఉల్లి తగ్గించి చెనక్కాయల పొడి వేసి కూర చిక్కగా చేసింది, ఎవరూ గుర్తు పట్టలేదు. ఆ రాత్రులు ఏడున్నరకి దీప వంటలు చేస్తానే ఉంది. దేశం మొత్తం ఉల్లి గురించి మాట్లాడుతుంటే వంటలక్క అని పేరున్న మనిషి ఆ మాట ఎత్తకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది. ఆమె బాధంతా డాక్టర్ బాబు తనని నమ్మలేదనే. నిజమే, పెద్ద బాధే అది. కానీ వంట చేసి బతికే మనిషి ఆ బాధని కూడా సిలిండర్ ఎప్పుడైపోతుందో చూసుకుంటానే పడుతుంది.

ఇంకొక విషయం అందరికీ చెప్పాల, ఎందుకంటే దీపని చూసి అదే గొప్ప అనుకునే ఆడపిల్లలు నాకు తెలుసు. ఆమె ఆత్మాభిమానంతో ఆ ఇంటి డబ్బు వద్దంటుంది, చూడ్డానికి బాగుంటుంది. నిజ జీవితంలో భర్త వదిలేసిన ఆడదానికి, బిడ్డలకి భరణం అడిగే హక్కు చట్టంలో ఉంది. అప్పట్లో సీఆర్పీసీ 125వ సెక్షను, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144. కేసు తేలేలోగా మధ్యంతర భరణం కూడా అడగొచ్చు. తండ్రి పెద్ద డాక్టరైతే ఆ సంపాదనకి తగ్గట్టే బిడ్డకి రావాల. అది అడుక్కోవడం కాదు. మా నాన్న మమ్మల్ని వదిలిపోయినప్పుడు ఈ మాట అమ్మకి చెప్పినోళ్లు ఒక్కరూ లేరు, నేను తెలుసుకునేటప్పటికి నాకు ఇరవై మూడేళ్లు.

ఇన్ని చెప్పినా ఆ సీరియల్ మీద నాకు కోపం లేదు. 2018 నడిమిట్లో, నాకు బాగా గుర్తు, వార్డు దగ్గర ఆడోళ్లు అమ్మని వంటలక్కా అని పిలవడం మొదలుపెట్టినారు. అంతకు ముందు "ఓ క్యారియర్ అమ్మా" అనే వాళ్లు, లేదంటే ఏమీ అనకుండా చేయి ఊపేవాళ్లు. అక్కా అని పిలుస్తుంటే అమ్మ నడక మారింది, నిజంగా, నేను చూసినా. షెడ్డు మీద పేరు రాయించమంది. ఎర్ర పెయింటుతో వంటలక్క క్యారియర్లు అని రాయించినా, 350 తీసుకున్నాడు పెయింటరు. ఒక సీరియల్ ఒక మనిషికి అంత చేసిందంటే దాన్ని తీసిపారేయలేను. చేసింది కాబట్టే చేతి మచ్చ కూడా చూపించింటే బాగుండు అంటున్నా.

మా చెల్లి నిన్న మళ్లీ ఫోన్ చేసి అడిగింది, ఇంతకీ ఇల్లు ఉందా లేదా అక్కా అని. ఉంది అన్నా. హాలు ఉంది, మెట్లున్నాయి, దీపాల గుత్తి ఉంది, ఆయన తినేది మాత్రం మా అమ్మ క్యారియర్ అన్నా. నమ్మలేదు. నిజమది. సార్ మధ్యాహ్నం ఇంటికి పోలేరు, నాలుగు దాటినాక క్యాథ్ ల్యాబ్ పక్క గదిలో తినేవాళ్లు, నేను చేరిన రెండో నెల నుంచి అది అమ్మ కట్టిన క్యారియరే. ఉప్పు తక్కువ, నూనె తక్కువ, గుండె డాక్టర్ కదా. అందరికీ ఇచ్చే రేటే, అరవై, నెల మొదటి తారీకు కవర్లో పెట్టి పంపేవాళ్లు.

ఈ పోస్టు కోసం 2020 పుస్తకం తీసినా. మార్చి నెలాఖరుకి బస్సులు ఆగిపోయినాయి, ఊరి నుంచి రోగులతో వచ్చేవాళ్లు లేరు, షెడ్డుకి తాళం. ఏప్రిల్‌లో రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువ మా కర్నూలులోనే. షూటింగులు కూడా ఆగిపోయి ఏడున్నరకి పాత ఎపిసోడ్లే వేసినారు. అమ్మ ఇంట్లోనే కట్టేది, నా దగ్గర ఆసుపత్రి ఐడీ కార్డు ఉంది కాబట్టి పోలీసోళ్లకి చూపించి నేనే తీసుకుపోయేదాన్ని. మార్చి 20 దాకా పేజీకి నలభై పేర్లు, టిక్కులు, గీతలు. ఆ తర్వాత జూన్ దాకా ప్రతి తారీకు కింద అమ్మ రాతలో ఒక్కటే: సార్, 1, అరవై.